అచ్చు ముచ్చట్లు: దయ్యం నవలకు ముందుమాట ఎవరు రాయాలి?

(ఒంగోలులో డీటీపీ సెంటరు నడుపుతూ, పుస్తకాలకు ప్రూఫులు దిద్దే మా అక్కయ్య, కొత్త రచయితల సందేహాలకు ఇచ్చే జవాబులు. క్రితం సంచికలో క్రైస్తవ నవలల గురించి రెండు మాటలు రాసినందుకు ఈసారి సంచీ నిండా అవే ఉత్తరాలు.)

ప్ర: వందనాలు అక్కా. మాది కందుకూరు దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మొదటి నవల పూర్తి చేశాను. సిటీలో చదువుకున్న కుర్రాడు సొంతూరు వస్తాడు. పాడుబడ్డ బంగళాలో దురాత్మ ఉంటుంది. చివరికి ప్రార్థనతో దాన్ని గెలుస్తాడు. మా యూత్‌లో నలుగురికి ఇస్తే 'చాలా ఆశీర్వాదకరంగా ఉంది బ్రదర్' అన్నారు. మా వదిన మాత్రం 'భయం వెయ్యలేదబ్బయ్యా' అంది. ఎవరి మాట పట్టుకోవాలి?

జ: మీ వదిన మాట. 'ఆశీర్వాదకరంగా ఉంది' అనేది ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరుగారి చెయ్యి పట్టుకుని చెప్పే మాట. థ్రిల్లర్ రాసినవాడికి ఆ మాట వచ్చిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

మీరు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను తమ్ముడూ. వాక్యం నడపడం మీకు వచ్చు. చిక్కల్లా కథను సాక్ష్యం చెప్పినట్టు చెప్పడంలో ఉంది. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషి మన కళ్లెదురుగా నిలబడి ఉంటాడు. జబ్బు నయమైందని, అప్పు తీరిందని అతను నోరు విప్పకముందే మనకు తెలుసు. తీరకపోతే లేచేవాడే కాదు. చర్చిలో దానివల్ల నష్టం లేదు, అందరూ కలిసి స్తోత్రం చెప్పడానికేగా వింటున్నది! నవలలో మాత్రం ప్రాణం పోతుంది. మీరు రెండో పేజీలోనే 'ఆ గండం నుంచి దేవుడు అతణ్ణి ఎలా తప్పించాడో ఇప్పుడు చూద్దాం' అని రాసేశారు. ఇక మిగతా పేజీలు ఎందుకు తిప్పాలి?

ఇంకొకటి. మామూలు దయ్యం నవల సగం దాకా 'ఉందా, లేదా' అన్న ఊగిసలాట మీదే బండి లాగిస్తుంది. మీ పాఠకుల దగ్గర ఆ పప్పులుడకవు. దయ్యాలున్నాయనీ, యేసు వాటిని గెలుస్తాడనీ ముందే ఒప్పుకుని కూర్చున్న జనం వాళ్లు. వాళ్లను భయపెట్టాలంటే అది ఎవరిలో దూరిందో, ఎవరు అబద్ధమాడుతున్నారో, గెలిచేలోపు ఎవరిని పోగొట్టుకోవాల్సి వస్తుందో తెలియనివ్వకూడదు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఇంకోసారి తీయండి. ఫిలిప్పీలో సోదె చెప్పే దయ్యం పట్టిన పిల్ల పౌలు వెంట పడుతుంది. ఏమని కేకలు వేస్తుంది? వీళ్లు సర్వోన్నతుడైన దేవుని దాసులని! అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అలా చాలా రోజులు. పౌలు విసిగిపోయి దాన్ని వెళ్లగొడతాడు. ఊరు ఊరంతా హల్లెలూయా అందా? లేదు. ఆ పిల్లను అడ్డం పెట్టుకుని సంపాదించుకుంటున్న యజమానులు, రాబడి పోయిందని పౌలునూ సీలనూ అధికారుల దగ్గరికి ఈడ్చుకుపోయారు. బెత్తాలతో కొట్టించారు. కాళ్లకు బొండ వేయించి లోపలి చెరసాలలో పెట్టించారు. నిజాలే చెప్పే దయ్యం, దాని మీద బతికే పెద్దమనుషులు, వదిలించినవాడికి దెబ్బలు. దీన్ని తెచ్చి మీ ఊళ్లో పెట్టి చూడండి. మీ బంగళాలో దురాత్మ గొలుసులు చప్పుడు చేయడం తప్ప మరో పని చేయడం లేదు, పాపం.

అసలు ఆ బంగళా ఎందుకు? పొగాకు ఆకు కాల్చే బ్యారన్ మీకు తెలుసు. ఆకు కర్రలకు కట్టి, లోపల వరసలుగా ఎక్కించి, తలుపు మూసి పొయ్యి వెలిగించాక, నాలుగైదు రోజులు రాత్రీపగలూ ఒక మనిషి కాపలా ఉండాలి. వేడి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఎక్కువైతే ఆకు మాడిపోతుంది. కాలిన గొట్టం మీద ఆకు రాలిందంటే బ్యారనే అంటుకుంటుంది. రాత్రి రెండింటికి పొయ్యి ముందు ఒక్కడే కూర్చున్న కుర్రాడు టార్చి వేసి, చిన్న అద్దంలోంచి థర్మామీటరు చూస్తాడు. లోపల 150 డిగ్రీల ఫారన్‌హీట్. మనిషన్నవాడు ఉండలేడు. అందులోంచి, పోయిన సంక్రాంతికి చనిపోయిన నాన్న గొంతు: 'కట్టె ఎగదొయ్యి అబ్బయ్యా, ఆకింకా పచ్చిగానే ఉండాది.' (మీ నాన్నగారు నిండు నూరేళ్లు ఉండాలి. నేను చెప్పేది కథలో నాన్న.)

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చూసి నడవండి. చనిపోయినవాళ్లు తిరుగుతారని రాస్తే మొదట అడ్డం పడేది మీ పాస్టరుగారే. లూకా 16లో చనిపోయిన ధనవంతుడికీ లాజరుకీ నడుమ మహా అగాధం ఉందని చూపిస్తారు. ఏన్దోరులో సౌలు రాజు కోసం ఒక స్త్రీ చనిపోయిన సమూయేలు ప్రవక్తను రప్పించిన ఘట్టం, 1 సమూయేలు 28, మీరు చూపిస్తే వాదన తెల్లారినా తెగదు. కాబట్టి అది నాన్న కాదు, నాన్న గొంతు దొంగిలించినది. దానికి నాన్న బాకీలన్నీ తెలుసు. అమ్మకు చెప్పకుండా రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఎవరి బీరువాలో ఉందో తెలుసు. ఏ రోజు వేలానికి బేళ్లు తీసుకెళ్తే రేటు వస్తుందో తెలుసు. కొడుకు దాని మాట వింటాడు, ఒక్కొక్కటే చక్కబడుతుంటాయి. ఎవరికీ కీడు జరగదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ కుర్రాడు 'ప్రభువు నాతో మాట్లాడుతున్నాడు' అని చెబితే పెద్దలు తలలూపుతారు. పాఠకుడి వెన్నులో చలి పుట్టాల్సింది సరిగ్గా అక్కడ. సాతాను తానే వెలుగుదూత వేషం వేసుకుంటాడని పౌలు కొరింథీయులకు రాసింది ఇలాంటి వాటి గురించేగా.

ప్రార్థనతో గెలిచే ముగింపు అలాగే ఉంచండి. కాకపోతే మొదటి ప్రార్థన బెడిసికొట్టాలి. అపొస్తలుల కార్యములు 19లో స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు ఏడుగురూ యేసు పేరు చెప్పి దయ్యాన్ని వెళ్లగొట్టబోతే, అది 'యేసు తెలుసు, పౌలూ తెలుసు, మీరెవరు?' అని అడిగి, చితక్కొట్టి, బట్టల్లేకుండా పరిగెత్తించింది. మీ హీరోను కూడా ఎవరో ఒకరు 'నువ్వెవరు?' అని అడగాలి. అతని దగ్గర జవాబు లేని రాత్రి ఒకటి కావాలి.

తిరగ రాశాక మళ్లీ వదినకే ఇవ్వండి.

ప్ర: మేడమ్, మిషనరీల కాలంలో ఒంగోలు ప్రాంతంలో జరిగే హారర్ నవల రాద్దామనుకుంటున్నాను. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారిని హీరోగా పెట్టొచ్చా? (చీమకుర్తి)

జ: పెట్టొద్దు. ఆయన నిజంగా బతికిన మనిషి, ఆయన చెబితే భార్య రాసిపెట్టిన జ్ఞాపకాలున్నాయి. ఆయన దయ్యాలతో కుస్తీ పట్టినట్టు మీరు కల్పిస్తే, రేపు ఎవరో దాన్ని చరిత్ర అని వాట్సాప్‌లో తిప్పుతారు. ఆయన్ను దూరం నుంచి, గుర్రం మీద పోతున్నట్టు చూపించి, కథను మీ సొంత పాత్రల చేతిలో పెట్టండి.

కాలం మాత్రం బ్రహ్మాండమైనది ఎంచుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు జ్యూయెట్ దంపతులూ మరో ముగ్గురూ ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారని మనవాళ్లందరికీ తెలుసు. క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. మీరు పట్టుకోవాల్సింది దాని తర్వాత, 1876-78 కరువు. జనానికి కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకున్నాడు. గింజల కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, కరువు పని నడిచిన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. వేలమంది అడుగుతున్నారు, ఆయన ఇవ్వడం లేదు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

కాలువ గట్టున కూలీల గుడిసెలు, కలరా, ఆకలి, ఇస్తామంటూ ఇవ్వని బాప్తిస్మం. అలాంటి చోట 'నేనిస్తా రండి' అని చీకట్లో పిలిచే గొంతు ఒకటి వినపడితే? మిగతాది మీరు రాసుకోండి.

ప్ర: మా సంఘంలో ఒక అమ్మాయికి దయ్యం పడితే రాత్రంతా ప్రార్థన చేసి వదిలించారు. నేను దగ్గరుండి చూశాను. పేర్లు మార్చి నవలగా రాశాను. చేతబడి చేసింది ఊరి చివర యానాది ముసలమ్మ అని పెట్టాను. పర్వాలేదా? (కావలి)

జ: రెండూ పర్వాలేదు అనలేను నాయనా.

పేరొక్కటి మారిస్తే చాలదు. అరవై కుటుంబాల సంఘంలో 'టైలరింగ్ నేర్చుకునే పెద్ద కూతురు' అంటే ఎవరో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆ అమ్మాయికి రేపు సంబంధాలు చూడొద్దా? ఊరు, వయసు, పని, ఇంట్లో ఎంతమంది, అన్నీ మార్చండి. ఆ తర్వాత కూడా అచ్చుకు ఇచ్చే ముందు ఆ అమ్మాయినే అడగండి, వాళ్ల నాన్నను కాదు. వద్దంటే అక్కడితో ఆపేయండి.

మీ ఏడో అధ్యాయంలో ఫిట్స్ మాత్రలు కాలవలో పారేశాక స్వస్థత వచ్చినట్టు రాశారు. అది తీసేయండి. మీకది కథ. చదివి నిజంగా మాత్రలు ఆపేసే ఇల్లు ఒక్కటున్నా ఆ పాపం ఎవరిది? మార్కు 9లో నురుగు కక్కుతూ పళ్లు కొరికే కుర్రాడి ఘట్టం చదవండి. యేసు ముందు తండ్రిని 'ఇది ఎప్పటి నుంచి?' అని అడిగాడు, డాక్టరు అడిగినట్టు. మీ నవలలో ఒక డాక్టరును పెట్టండి, ఆవిడ తెలివైనదిగా ఉండాలి. కథకు బలమే వస్తుంది.

ఇక యానాది ముసలమ్మ. నెల్లూరు జిల్లాలో యానాదులు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? చేతబడి నెపం పెట్టి మనుషుల్ని చెట్లకు కట్టేసి కొట్టిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఎఫెసీ 6:12 'మనము పోరాడునది శరీరులతో కాదు' అంటుంటే, మీరు ఒక బీద ముసలిదాన్ని పట్టుకొచ్చి నిలబెట్టారు. పొరుగువాళ్లు కొలిచే పోలేరమ్మను దయ్యంగా చూపించడం కూడా అంతే. ఉద్దేశపూర్వకంగా ఒకరి మత విశ్వాసాలను అవమానిస్తే భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను ఉంది. సెక్షను లేకపోయినా, తిరునాళ్లకు మీ ఇంటికి బూరెలు పంపే పక్కింటావిడ ఉంది. విలన్ కావాలంటే మీ సంఘంలోనే వెతకండి. కమిటీ ఎన్నికలు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా?

ప్ర: నవలంతా ఫోనులో టైప్ చేశాను. ప్రెస్సువాళ్లు డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో కావాలంటున్నారు. మళ్లీ టైప్ చేయించాలా? (పొదిలి)

జ: అక్కర్లేదు. మీది యూనికోడ్, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు. అను ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్లు మా బోటి డీటీపీ సెంటర్లన్నింటిలో ఉంటాయి. మార్చాక ఒత్తులు అటూ ఇటూ దూకుతాయి కాబట్టి ప్రూఫు మాత్రం కాగితం మీద తీసి, స్కేలు పెట్టుకుని వరస వరసా చూడండి. 'క్రీస్తు', 'ఆత్మ', 'రక్షణ' ప్రత్యేకంగా చూడండి. ఒత్తు ఎగిరిపోయిన దేవుడి పేరుతో పుస్తకం వస్తే చర్చి ముందు నిలబడి అమ్మలేరు. మీ యూనికోడ్ ఫైలు భద్రంగా ఉంచుకోండి, రేపు ఈ-బుక్కుకు అదే కావాలి.

ప్ర: ముందుమాట మా పాస్టరుగారు రాస్తానంటున్నారు. మా కాలేజీ తెలుగు లెక్చరరూ రాస్తానంటున్నారు. జిల్లా అధ్యక్షులవారి ఆశీస్సులూ, ఇద్దరు దైవజనుల ఫొటోలూ వేయాలంటున్నారు. కాదంటే నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. (దర్శి)

జ: కన్వెన్షన్ పోస్టర్లు వేసీ వేసీ ఈ ఫొటోల సైజు తగాదాలు తీర్చడంలో నాకు డాక్టరేటు ఇవ్వొచ్చు. ఒక్కటే ముందుమాట, రెండు పేజీలు దాటకుండా, పాస్టరుగారి చేత రాయించండి. కథ బయటపెట్టవద్దని చేతులు జోడించి మరీ చెప్పండి. ముందుమాటలోనే దయ్యం ఎవరిలో ఉందో చెప్పేసిన పుస్తకం మా దగ్గరే కంపోజ్ అయింది. మిగతా అందరికీ 'కృతజ్ఞతలు' పేజీ ఉంది. ఫొటోలు వద్దు. లెక్చరరుగారికి ప్రూఫులు ఇవ్వండి. ఆయన సంతోషిస్తారు, మీకూ తప్పులు తగ్గుతాయి.

ప్ర: అక్కా, నేను నెల్లూరులో స్టాఫ్ నర్సును. హాస్పిటల్ నైట్ డ్యూటీలో జరిగే దయ్యం కథ రాశాను, చివర్లో హెడ్ నర్సు విశ్వాసమే కాపాడుతుంది. 300 కాపీలు వేయించి చర్చిలోనే ఆవిష్కరించాం. మొహమాటానికి కొంతమంది కొన్నారు. మిగతావి మంచం కింద ఉన్నాయి. రోజూ ఫేస్‌బుక్‌లో పెడుతున్నా, లైకులు తప్ప ఆర్డర్లు లేవు. కిందటేడే వేసిన అట్ట మీద ఎర్రకళ్ల పుర్రె బొమ్మ బాగుందని అందరూ అన్నారు.

జ: చెల్లీ, ముందు ఆ పుర్రె సంగతి. మన ఆడవాళ్లు పుస్తకం ఇంటికి తెస్తే బైబిలూ, పాటల పుస్తకమూ ఉండే అరలోనే పెడతారు. ఆ పుర్రెను అక్కడ పెట్టరు. పెట్టలేని పుస్తకం కొనరు. మీ కథలో మూడో అంతస్తు లిఫ్ట్ ఉంది కదా, సగం తెరుచుకున్న ఆ లిఫ్ట్ తలుపు ఫొటో చాలు. పైన మరో కాగితం చుట్టి అమ్మినా నష్టం లేదు. 'క్రైస్తవ నవల' అన్న మాట మాత్రం అట్ట మీద దాచకండి. మామూలు దయ్యం కథ అనుకుని కొన్నవాడికి చివర్లో ప్రార్థన వస్తే మోసపోయాననుకుంటాడు. తెలిసి కొన్న హిందువులూ ముస్లింలూ హాయిగా చదువుతారు. నెల్లూరులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఎవరెవరు వస్తారో మీరు చూస్తూనే ఉన్నారుగా.

మొహమాటానికి కొన్నవాళ్లను వదిలేయండి. నా కౌంటరు దగ్గర నుంచి నేను చూసినంతలో, నవలను చివరిదాకా చదివేది స్త్రీల సమాజంలో నలభై దాటినవాళ్లూ, హాస్టళ్లలో ఉండే నర్సింగ్, బీఎడ్ పిల్లలూ. మీకు రెండు గుంపుల్లోనూ మనుషులున్నారు. యూత్ మీటింగ్‌లో పది నిమిషాలు అడగండి. పుస్తకం ఎందుకు రాశారో, దేవుడు మిమ్మల్ని ఎలా ప్రేరేపించాడో చెప్పొద్దు. ఐసీయూ బెల్ మోగితే వెళ్లి చూసేసరికి ఆ బెడ్డు ఖాళీగా ఉండే చోటు నుంచి మొదలుపెట్టి, లిఫ్ట్ తలుపు తెరుచుకునే దాకా చదివి, పుస్తకం మూసి కూర్చోండి. సాక్ష్యాన్ని సగంలో ఆపే మనిషిని ఆ పిల్లలు జన్మలో చూసి ఉండరు. 'తర్వాత ఏమైంది సిస్టర్?' అన్నవాళ్లకు పుస్తకం చూపించండి. అదే భాగం మీ గొంతుతో మూడు నిమిషాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. 'దయచేసి సపోర్ట్ చేయండి' అన్న మాట ఎక్కడా రాకూడదు, అది చందా అడిగినట్టుంటుంది.

డిసెంబరు మొదటి వారం నుంచి సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే జరిపే వేడుకలు) మొదలవుతాయి, ఒకరికొకరు కానుకలు ఇచ్చుకుంటారు. నవంబరులోనే చెప్పి ఉంచండి. శ్రమదినాల్లో (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో) దయ్యం నవల ఎవరూ ముట్టరు, ఊరుకోండి. మేలో యూత్ క్యాంపులు. కన్వెన్షన్లలో బైబిళ్లూ క్యాలెండర్లూ అమ్మే స్టాలు అతనికి ఐదేసి కాపీలు ఇచ్చి కాగితం మీద రాయించుకోండి. అమ్మేవాళ్లు 40 శాతం దాకా కమిషన్ అడుగుతారు. అది పోయినా అచ్చు ఖర్చు వచ్చేలా ధర ఉండాలి, రెండో ముద్రణకైనా లెక్క చూసుకోండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. ఒక్క పుస్తకానికి స్టాలు దండగ, తెలిసిన ప్రచురణకర్త బల్ల మీద పది కాపీలు పెట్టించుకోండి.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్, లేదన్నారు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు ఉచితంగానే ఇస్తారు, ఆన్‌లైన్‌లో రచయితే పెట్టుకోవచ్చు. ఇప్పిస్తామని డబ్బులడిగే బ్రోకర్ల మాట వినొద్దు. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి, అదీ చూడండి.

ప్ర: ఊళ్ల నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. కొరియర్ ఖర్చు పుస్తకం ధరలో సగం అవుతోంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు లేదంటున్నారు, నిజమేనా? (ఒంగోలు)

జ: నిజమే, 2024 డిసెంబరులో తీసేశారు. 2025 మేలో 'జ్ఞాన్ పోస్ట్' అని కొత్తది వచ్చింది. మొదలుపెట్టినప్పటి రేట్లు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100, పన్ను అదనం. కౌంటరులో పేరు పెట్టి అడగండి, అడగకపోతే స్పీడ్ పోస్టు రాసేస్తారు. పుస్తకం మీద ప్రింటరు పేరో, ప్రచురణకర్త పేరో ఉండాలి. లోపల ఉత్తరాలు, ప్రకటనల కాగితాలు పెట్టకూడదు. మీరు పుస్తకంతో పాటు పంపుతున్నారే, ప్రార్థన విన్నపాల చీటీ, మీ ఫోన్‌పే క్యూఆర్ కోడూ, అవి వాట్సాప్‌లో పంపుకోండి.